తప్పెట పట్టిన ఎండాకాలం

1957 ఉగాదికి నాకు ఇరవై అయిదేళ్ళు నిండాయి. కలెక్టరు ఉద్యోగాల సర్వీసు పరీక్షకు ఇరవై నాలుగు దాటకూడదన్న సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. బళ్ళారిలో బి.ఏ. ముగించి, ఎమ్మిగనూరులో బసవన్న సారు ఇంటి అరుగు మీద కూర్చుని ఆరు నెలలుగా సమాజశాస్త్రం చదువుతున్నాను.

బసవన్న సారు హైస్కూల్లో చరిత్ర చెప్పేవాడు. నేతపని చేసే ఇంట్లో పుట్టి చదువుకున్న మనిషి. ఇంట్లో రెండు మగ్గాలుండేవి, ఆయన తమ్ముళ్ళు నేసేవాళ్ళు. మద్రాసు నుంచి తెప్పించిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు నాలుగు నా చేతిలో పెట్టి, “చదువు జయన్నా, ఈ పక్కనించి ఒక్కడన్నా ఆ పరీక్ష గెలవల్ల” అన్నాడు. పుస్తకాలు ఇచ్చాడు కానీ లోపలికి రమ్మని మాత్రం అనలేకపోయాడు. ఆయన తల్లి కస్తూరమ్మ ఉన్న ఇంట్లో అది కుదిరే పని కాదు. ఆమె చెడ్డ మనిషని నేననను. మధ్యాహ్నమయ్యేసరికి నా కోసం వేరుగా పెట్టిన సత్తు తట్టలో జొన్నరొట్టె, శనగకాయల పొడి వేసి అరుగు చివర పెట్టేది. నీళ్ళు పైనుంచి పోసేది. దోసిలి పట్టి తాగి, మూతి తుడుచుకుని, మళ్ళీ పుస్తకంలో ‘సామాజిక దూరం’ అనే అధ్యాయం తెరిచేవాణ్ణి. ఆ అధ్యాయంలో అమెరికా నగరాల సంగతులుండేవి. అదీ ఇదీ ఒకటేనని అప్పుడు నాకు తోచలేదు. తోచి ఉంటే చదవలేకపోయేవాణ్ణేమో.

దరఖాస్తు కాగితాలు వచ్చిన రోజు సారు అరుగు మీదే నా పక్కన కూర్చుని మొత్తం చదివాడు. లోపల మగ్గాలు టకటకమంటున్నాయి.

“జయన్నా, నీకెన్నేండ్లు?”

“మొన్న ఉగాదికి ఇరవై అయిదు నిండె సార్.”

సారు కళ్ళద్దాలు తీశాడు. “ఇరవై నాలుగు దాటకూడదంట. షెడ్యూలు కులాలోళ్ళకయితే ఇంకో అయిదేండ్లు సడలింపు ఇచ్చినారు.”

“ఇంగేమి సార్? నేను మాదిగోన్నే కదా.”

“స్కూలు రిజిస్టరులో ఏమని ఉండాది?”

‘ఇండియన్ క్రిస్టియన్’ అని ఉంది. మా ఊళ్ళో బావి దగ్గర, హోటలు దగ్గర, కరణం గారి గడప దగ్గర నేను మాదిగవాణ్ణే. కాగితం మీద మాత్రం కాదు.

“కిరస్తానమయినోళ్ళకు ఆ సడలింపు ల్యాదు,” అన్నాడు సారు. “తాసీల్దారు దగ్గర సర్టిఫికెట్టు తేవల్ల. నువ్వు హిందువువని, మీ కులమోళ్ళు నిన్ను మళ్ళా కలుపుకున్నారని.”

“అంటే అబద్దం సెప్పల్లనా సార్?”

“నువ్వు చదివే పుస్తకంలోనే ఉండాది కదప్పా, మతమంటే నలుగురూ కలిసి చేసే పని అని. పోయి ఆ నలుగురితో కలువు. అంతే.”

ఆ మాట నాకు నచ్చింది. ఆలోచించి నచ్చలేదు, అవసరమై నచ్చింది. పుస్తకాలు మూటకట్టుకుని ఊరికి బయలుదేరాను.

మా ఊరు ఆస్పరికి నాలుగు మైళ్ళు. అంతా మెట్ట. ఉగాది దాటితే ఆ నేల మీద పచ్చగా కనిపించేది తుమ్మచెట్టు ఒక్కటే. ఊరికి పడమటగా మా మాదిగ గేరి, గేరి చివర బోదకప్పు వేసిన ప్రార్థన గుడిసె. పాదిరిగారు నెలకొకసారి ఆదోని నుంచి వచ్చేవాడు. తక్కిన ఆదివారాలు ప్రార్థన నడిపేది మా నాయన సీమోను. ఆయనకు అక్షరం రాదు. అయినా కీర్తనలన్నీ నోటికి వచ్చు. ఆయన ఎత్తుకుంటే గేరి మొత్తం అందుకునేది.

బాప్తిస్మం తీసుకోకముందు ఆయన పేరు తిమ్మన్న. ఊరికి తప్పెట కొట్టడం మా ఇంటి వంతు. చావుకు, దేవర జాతరకు, దండోరాకు. నేను పుట్టకముందే నాయన తప్పెట వదిలేశాడు. ఆ వంతు కూడా మీద వేసుకుని ఒక్కడే కొడుతూ వచ్చినవాడు నాయన అన్న, మా పెద్దనాయన మాదన్న. ఆయన మతం మారలేదు. ఇద్దరి ఇళ్ళకూ మధ్య ఒక్క గోడే. అయినా ఆ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడం నేను చూడలేదు.

సర్టిఫికెట్టు దరఖాస్తు మీద ముందు ఊరి కరణం మాట రాసివ్వాలి. మరునాడు నాయన, నేను ఆయన వాకిట్లో నిలబడ్డాం. కరణం కాగితం చదివి, నవ్వి, పక్కన పెట్టాడు.

“సదువుకున్నోనివి, నువ్వే సెప్పు జయన్నా. మీ నాయన తప్పెట ముట్టి పాతికేండ్లాయె. ఊరి పనికి రానోన్ని మాదిగోడని నేనెట్ల రాసిచ్చేది?”

“మా కులం ఊరందరికీ ఎరికే కద సామీ,” అన్నాను.

“ఎరికే. కాగితానికి ఎరిక కావద్దా? వచ్చే మంగళవారం మారెమ్మ దేవర ఉండాది. ఆ పొద్దు రెవెన్యూ ఆఫీసు ఆర్.ఐ.ని కూడా రమ్మంటాను. మీ నాయనను తప్పెట పట్టుకోని ముందర నడవమను. ఆర్.ఐ. కండ్లతో చూస్తాడు, రాసుకుంటాడు. నాకూ రాసిచ్చేదానికి నోరుంటాది.”

ఆయన కోపంగా అనలేదు. మేలు చేసే మనిషి గొంతుతోనే అన్నాడు. నాయన చేతులు కట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక నాయన వాకిట్లో కూర్చుని కాళ్ళకంటిన ఎర్రమట్టి రాల్చుకున్నాడు. అమ్మకు నేనే చెప్పాను. మా అమ్మ మరియమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి నా ఎదుట నిలబడింది.

“నువ్వు ఏమన్నా రాసుకో నాయనా. హిందువని రాసుకో, తురకోన్నని రాసుకో. నీ సదువు, నీ ఇష్టం. ఆయప్పను యాల లాగుతావు?”

“ఒక్క రోజే కదమ్మా.”

“ఒక్క రోజా? ఆయన ఆ తప్పెట వదిలినందుకు మూడు దినాలు మనకు ఊర్లో నీళ్ళు ఇయ్యలా. ఊరి రెడ్డి మనుషులు చింతబరికెతో కొడితే ఈపు మీద సర్మం లేసిపాయ. అప్పుడు నువ్వు నా కడుపులో ఉండావు.”

ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నాయన వీపు మీది గీతలు పొలం పనిలో పడ్డవని అనుకుంటూ పెరిగాను. అప్పుడైనా నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు. పుస్తకాల్లో చదివినదంతా ఆయనకు విడమర్చి చెప్పాను. మనిషి వేరు, మనిషి చేసే పని వేరు అన్నాను. పని అంటే చొక్కా లాంటిది, వేసుకుని విప్పేయొచ్చు అన్నాను. నేను ఆఫీసరునైతే ఈ గేరి వాళ్ళు ఎవరి వాకిట్లోనూ చేతులు కట్టుకుని నిలబడే పని ఉండదన్నాను. నా ఇంగ్లీషు చదువంతా ఆ పూట మా నాయన మీద ప్రయోగించాను.

ఆయన అంతా విన్నాడు.

“ఒక్క దినమే కదా?” అన్నాడు.

“ఒక్క దినమే నాయనా.”

లేచి గోడ అవతలికి, పెద్దనాయన ఇంటికి పోయాడు. నేనూ వెనకే పోయాను. మాదన్న పెద్దనాయన మంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

“అన్నా, మంగళవారం నాకొక తప్పెట ఇస్తావా?”

పెద్దనాయన నాయన వైపు, నా వైపు చూశాడు. ఎగతాళి చేస్తాడని నేను భయపడ్డాను. ఆయన చుట్ట ఆర్పేశాడు.

“ఒద్దురా తిమ్మా,” అన్నాడు. “నేను సచ్చేదాకా కొడతా గదా. నా తర్వాత దాన్ని యా గుంతలోనన్నా ఏస్తారులే అని ఉంటి. నువ్వొకనివి బయటపడినావని నేను లోపల లోపల సంతోషపడతాంటి.”

“పిల్లోని పరీక్షకంట.”

పెద్దనాయన లోపలికి పోయి తప్పెట తెచ్చి ఇచ్చాడు. ఇస్తూ నా మొహం చూడలేదు.

అమ్మ సోమవారమే మూట కట్టుకుని మాధవరంలో మా అక్క కృపమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. “నేను సూడలేను” అని ఒక్క మాటే అంది.

మంగళవారం సద్దిపొద్దుకే ఎండ నెత్తి మాడ్చేస్తోంది. ఊరి చావిడి ముందు వరిగడ్డి మంట వేసి, తప్పెట్లను దాని మీద కాచారు. తోలు బిగిసేదాకా కాచాలి. నాయన తన తప్పెటను కాచి, గోటితో మీటి చూసి, మళ్ళీ కాచాడు. అప్పటిదాకా ఆయన దెబ్బ తప్పుతుందని, ఊరు నవ్వుతుందని నా భయం. నవ్వితే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

మొదటి దెబ్బ పెద్దనాయన వేశాడు. రెండోది నాయనది. ఆ తర్వాత పాతికేళ్ళు ఎక్కడికి పోయాయో నాకు తెలియదు. పుల్ల ఆయన వేళ్ళలో తానే తిరిగింది. మోకాళ్ళు వంగాయి, భుజం జారింది, అడుగు పడింది. పెద్దనాయన తప్పెట ప్రశ్న అడిగినట్టుంటే నాయనది జవాబు చెప్పినట్టుంది. జనం దారి ఇచ్చి నిలబడ్డారు. “అబ్బా, ఏం కొడతాడప్పా తిమ్మడు! ఇన్నాళ్ళూ దాచిపెట్టుకున్నాడే” అని ఎవరో అన్నారు. రెడ్డి తల ఊపాడు. చావిడిలో కుర్చీ మీద కూర్చున్న ఆర్.ఐ. కాలు కదుపుతున్నాడు.

నాయన కళ్ళు మాత్రం ఎవరి మీదా నిలవలేదు. అవి ఎక్కడో పొలాలకు అవతల ఉన్నాయి. చెమట మొహం నిండా కారుతోంది. అది చెమటేనని నేను అనుకున్నాను.

బలికి తెచ్చిన దున్నపోతు మెడకు వేపమండలు కట్టి మారెమ్మ దగ్గరికి తోలుకుపోయాక ఆర్.ఐ. మమ్మల్ని చావిడి దగ్గరికి పిలిపించాడు. కరణం పక్కనే ఉన్నాడు. ఆర్.ఐ. ఆదోని మనిషి కాదు, ఎక్కడో కోస్తా నుంచి వచ్చినవాడు, మర్యాదగానే మాట్లాడాడు.

“నీ పేరేమిటయ్యా?”

తప్పెట ఇంకా నాయన భుజానికి వేలాడుతూనే ఉంది. దూరంగా జనం కేకలు వినబడుతున్నాయి.

“తిమ్మన్న, సామీ.”

ఆర్.ఐ. రాసుకున్నాడు.

“ఏ దేవుణ్ణి కొలుస్తావు?”

“ఊరి మారెమ్మను, సామీ.”

“ఎప్పటి నుంచి?”

కరణమే అందుకుని, “అనాదిగా అని రాసుకోండి” అన్నాడు. నాయన బొటనవేలికి సిరా పూసుకుని ముద్ర వేశాడు. ఆ కింద నేను ఇంగ్లీషులో సంతకం పెట్టాను.

ఇరవై రోజులకు ఆదోనిలో తాసీల్దారు సర్టిఫికెట్టు నా చేతికొచ్చింది. తిమ్మన్న కొడుకు జయన్న, హిందువు. బసవన్న సారు దాన్ని చూసి నా భుజం తట్టాడు. నేను మళ్ళీ అరుగు ఎక్కాను.

ఆ ఎండాకాలమంతా వారానికొకసారి ఊరికి పోయి వస్తుండేవాణ్ణి. మొదటి ఆదివారం పోయినప్పుడు మాధవరం నుంచి తిరిగొచ్చిన అమ్మ ప్రార్థన గుడిసెలో ముందు వరసలో కూర్చుని ఉంది. నాయన లేడు. బయటికొచ్చి చూస్తే గుడిసె వెనక, గోడకు వీపు ఆనించి, నీడలో కూర్చుని ఉన్నాడు. లోపల కీర్తన ఎత్తుకునేవాడు లేక ఒక్కొక్కరూ ఒక్కో దారి పట్టారు.

“లోపలికి రా నాయనా, ఆర్.ఐ. ఈడికొచ్చి చూస్తాడా ఏమన్నా?” అన్నాను.

“ఆర్.ఐ. రాడులే. ఆ సామికి ఒక మాట సెప్పి, ఈ సామికి ఇంగో మాట ఎట్ల సెప్పేది?”

“నువ్వు నా కోసం అన్నావు. దేవునికి తెలీదా?”

“ఆయనకు తెలిసేది వేరే. నా నోరు అన్నింది నాకు తెలుసు కదా.”

పాదిరిగారు కూడా వచ్చి పిలిచాడట, తప్పేమీ పట్టనన్నాడట. నాయన దండం పెట్టి అక్కడే కూర్చున్నాడట. అమ్మ ఆయనతో పోట్లాడలేదు. అన్నం పెట్టేది, నీళ్ళు తోడేది. ఆదివారం మాత్రం ఆమె ముందు వాకిలితో లోపలికి పోయేది, ఆయన వెనక గోడ దగ్గరికి పోయేవాడు.

ఒక్క రోజు అన్నది ఒక్క రోజు కాలేదు. దేవర అయిన నెల రోజులకు ఊళ్ళో ఒక ముసలాయన పోతే, కబురు మాదన్నకు రాలేదు, నాయనకు వచ్చింది. “మంచిగ కొడతావు, నువ్వే రా” అన్నారు. పోనంటే ఏమవుతుందో అని నాయన కబురంపి నన్ను అడిగాడు. నేను బసవన్న సారును అడిగాను. ఎవరన్నా అర్జీ పెడితే సర్టిఫికెట్టు రద్దు చేస్తారు, పరీక్ష అయ్యేదాకా గమ్మునుండడం మేలు అన్నాడు సారు. అదే నాయనకు చెప్పాను. ఆయన పోయాడు. తర్వాత పెళ్ళికి పోయాడు. శిస్తు కట్టమని దండోరా వేశాడు. పెద్దనాయనకు దగ్గు ఎక్కువై ఆయన పూర్తిగా మానుకున్నాడు. రెండిళ్ళ వంతూ నాయనదే అయింది.

అరుగు మీద నా చదువు మాత్రం బాగా సాగింది. నాలుగు పుస్తకాలూ ఏ పేజీలో ఏముందో చెప్పగలిగేదాకా వచ్చాను. కస్తూరమ్మ ఒకరోజు రొట్టె పెడుతూ, “రేపు కలెక్టరువి అయితే ఇంట్లోకి పిలవల్లేమో నిన్ను” అని నవ్వింది. నేనూ నవ్వాను.

వానలు పడి, శనగకాయ విత్తనాలు వేసి, కలుపు తీసే కాలంలో మద్రాసు పోయి పరీక్ష రాశాను. సమాజశాస్త్రం పేపరులో మూడో ప్రశ్నను మళ్ళీ మొదటి నుంచి చదివాను. పుట్టుకతో వచ్చిన వృత్తిని వదులుకునే హక్కు చట్టం ఇచ్చినా మనుషులు అందులోనే ఎందుకు ఉండిపోతారు, చర్చించు అని అడిగారు. తర్వాత నాలుగు పేజీలు రాశాను. పుస్తకాల పేర్లు, పండితుల పేర్లు, వాళ్ళ మాటలు వరసగా గుర్తొచ్చాయి. అన్ని జవాబుల్లోకీ అదే బాగా వచ్చింది.

ఆస్పరి స్టేషన్లో దిగి, నాలుగు మైళ్ళూ నడిచి ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. నాయన అప్పుడే ఎవరి చావు నుంచో వచ్చినట్టున్నాడు. తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. వేలి కణుపులు వాచి ఉన్నాయి. నన్ను చూసి తువ్వాలుతో తుడుచుకుని పక్కన కూర్చోమన్నాడు.

“బాగ రాసినావా?”

“బాగనే రాసినా నాయనా.”

“ఏమేమి అడిగినారు?”

మూడో ప్రశ్న చెప్పాను. ఎందుకు చెప్పానో, మిగతావన్నీ వదిలి. ఆయనకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

“దానికి నువ్వేమి రాస్తివి?”

“నాలుగు పేజీలు రాసినా.”

“మన సంగతి రాసినావా?”

“లేదు నాయనా. పుస్తకాల్లో ఉండేదే రాయల్ల.”

నాయన తల ఊపాడు. ఆయన మొహంలో ఒక బరువు దిగినట్టయింది. “మంచి పని చేస్తివి,” అన్నాడు. “యాడా రాయగాకు.”

ఫలితాలు మరుసటి ఏడు వచ్చాయి. బసవన్న సారు పేపరు రెండుసార్లు పైనుంచి కిందికి చూశాడు. నా పేరు లేదు. ఇంకా మూడేళ్ళు సడలింపు ఉంది, మళ్ళీ కూర్చో అన్నాడు. పుస్తకాలు ఆయన అరుగు మీద పెట్టి దండం పెట్టాను. ఆదోనిలో ఒక మిల్లు ఆఫీసులో గుమాస్తాగా చేరాను.

చేరే ముందు రోజు ఊరికి పోయి నాయనకు చెప్పాను.

“ఇంగ ఆ పరీక్ష రాయను నాయనా. సర్టిఫికెట్టుతో పని ల్యాదు. ఎవరు అర్జీ పెట్టుకున్నా పెట్టుకోనీ. నువ్వు తప్పెట మానేయి.”

ఆయన వాకిట్లో ఎండుపుల్లలు చితుకుతున్నాడు. చితకడం ఆపలేదు.

“పిలిస్తే పోనని సెప్పు. నేను పుట్టకముందు సెప్పినావు గదా,” అన్నాను.

“సెప్పినాను,” అన్నాడు నాయన. “అప్పుడు నాకు ఇరవై అయిదేండ్లు.”